పళ్లు లేని గేరుపెట్టె

ఆళ్లగడ్డ,
మే 26.

అన్నా,

ఫోను చేస్తే సుజాత వదిన ఎత్తి, నేను చెప్పిందంతా నీ చెవి దగ్గర అరవాలి. ఇది వీధంతా వినేట్టు అరిచి చెప్పే మాట కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. నా చదువు మూడో తరగతి దగ్గరే ఆగిన సంగతి నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

బెన్నీ పోయి ఈ రోజుకు నలభై ఏడు రోజులు. ఆదరణ కూడికకు వచ్చి నువ్వు చివరి బెంచీలో కూర్చున్నావు, అన్నం ముట్టకుండా బస్సెక్కావు. ఆ పొద్దు ఏం జరిగిందో నీకెవరూ వరసగా చెప్పి ఉండరు. నేను చెప్తాను.

ఏప్రిల్ తొమ్మిది. అహోబిలానికి కారు కిరాయి మాట్లాడుకున్న యాత్రికులు బస్టాండు దగ్గర కాచుకున్నారని వాడు చొక్కా తొడుక్కుంటున్నాడు. సగం గుండీలు పెట్టి మంచం మీద కూర్చున్నాడు. "అమ్మా, రొమ్ము మీద ఎవురో కూసున్నట్టుంది" అన్నాడు. ఇరవై ఎనిమిదేండ్ల పిల్లోడు, గ్యాసేమో అనుకొని నేను జీలకర్ర నీళ్లు పెట్టబోయాను. వాని చెల్లెలు వందన ముఖం చూసింది, కారు తాళాలు తీసుకుంది. "నంద్యాలకు పోదాం, లెయ్" అంది.

వెనక సీట్లో వాని తల నా ఒళ్లో ఉంది. వందన తోలింది. దానికి కారు నేర్పింది వాడే కదా. వీధి మలుపు తిరగక ముందే వాడు, "మెల్లగా పా పాపా, దాని గేరుపెట్టె బాగలేదు, తొక్కద్దు" అన్నాడు. దానితో వాడు మాట్లాడిన చివరి మాట అదే.

శిరివెళ్ల దాటాక ఇంజను పెద్దగా అరవడం మొదలుపెట్టింది. అరుపు పెరిగే కొద్దీ బండి నడక తగ్గింది. చివరికి ఇంజను అరుస్తూనే ఉంది, బండి నిలబడిపోయింది. వందన రోడ్డు మీదికి ఉరికి చేతులు ఊపింది. అంబులెన్సు వేరే కేసు మీద పోయింది, వస్తుంది అన్నారు. పాల వ్యాను ఆగేసరికి ముప్పై ఐదు నిమిషాలు. ఆస్పత్రిలో డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది, అర్ధగంట ముందు వచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్లం అని. వందన పక్కనే ఉండి వినింది.

అప్పటి నుంచి అది గడప దాటలేదు. "అన్న వద్దన్నా నేనే తొక్కినా. నేను తొక్కితేనే పగిలింది. నేనే చంపినా." ఇదొక్కటే మాట. జూన్‌లో బడి తెరిస్తే సంజామలలో టీచరు పని ఉంది దానికి. పిల్లోళ్ల ముందర నిలబడే ముఖం కాదు నాది అంటుంది. రోజుకు ఒక ముద్ద తింటే ఎక్కువ.

ఇంట్లోవాళ్లం ఏం చెప్పినా ఓదార్పు అనుకుంటుంది. ఇనుము చెప్తే నమ్ముతుంది. అందుకని కారును లారీ మీద నీ షెడ్డుకు పంపుతున్నాను. ఆ పెట్టె విప్పు. నా బిడ్డ తొక్కితే పగిలిందా, అది ముందే చచ్చి ఉందా, నీ కంటితో చూసి రాయి. తొక్కితేనే పగిలింది అంటే అదీ రాయి. ఒక బిడ్డ మట్టిలో ఉంది, ఇంకొకటి మంచం మీద ఉంది. నాకు ఈ రెండో బిడ్డ కావాలి.

నీ చెల్లెలు,
లూదియా


నంద్యాల,
జూన్ 6.

లూదియా,

బండి చేరింది. తెచ్చిన లారీ డ్రైవరు దించుతూ ఏదో అడిగాడు, నాకు వినబడక తల ఊపాను. వాడు టీ తాగి నా పేరు మీద రాయించిపోయాడు. అట్లుంది నా సంసారం. మీ వదిన నన్ను అన్నానికి పిలవాలంటే గడప దగ్గర నుంచి గులకరాయి విసురుతుంది. నిన్న గురి తప్పి బోల్టుల డబ్బాలో పడింది, ఆ రాయి కోసం డబ్బా అంతా కుమ్మరించాల్సి వచ్చింది.

నవ్వించాలని రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రాశాను.

ముందు పొడుగు కడ్డీ ఒక కొన పంట కరిచి, ఇంకో కొన పెట్టె మీద ఆనించి, ఇంజను ఆడించాను. చెవులు పోయినప్పటి నుంచి నేను వినేది పళ్లతోనే. మంచి బండి అయితే దవడలో సన్నగా తేనెటీగలు తిరిగినట్టుంటుంది. ఇది ఎవరో తలుపు గోకుతున్నట్టుంది.

నిన్న విప్పాను. నలభై ఏండ్లలో ఎన్ని గేరుపెట్టెలు విప్పానో లెక్కలేదు. జీపులవి, ట్రాక్టర్లవి, లారీలవి. దేన్ని విప్పినా లోపల ఉండేది పళ్ల చక్రాలే. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని కొరుకుతుంది, బండి నడుస్తుంది. దీని మూత తీసి, అద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాను. బండిని గుంజేచోట పళ్లు లేవమ్మా. ఒక్క పన్ను కూడా.

బావి గిలకలు తెలుసు కదా. అట్లాంటి ఉక్కు గిలకలు రెండున్నాయి. ఒక్కో గిలక రెండు పళ్లేలు వీపులు ఆనించి పెట్టినట్టుంటుంది. రెండు గిలకలను చుట్టి ఒక ఉక్కు పట్టీ. పళ్లేలు దగ్గరికి జరిగితే పట్టీ పైకి ఎక్కుతుంది, దూరం జరిగితే కిందికి దిగుతుంది. అంతే. గేరు మారడం అనేదే లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, బండి తనంతట తానే సర్దుకుంటుంది, మనిషి నడిచేటప్పుడు అడుగు పెద్దదీ చిన్నదీ చేసుకున్నట్టు. ఇంతమందిని మోసే బండిని అక్కడ పట్టుకొని ఉండేది ఒక ఉక్కు ఇంకో ఉక్కును ఒత్తుకోవడం మాత్రమే. మధ్యలో తడి ఉండీ జారకుండా. దీన్ని ఎవరు తలచుకున్నారో, ఎట్లా తలచుకున్నారో. నేను చాలాసేపు స్టూలు మీద కూర్చొని చూస్తూ ఉండిపోయాను.

మేనమామనని మొదటి ఆయిలు పోసింది ఫిబ్రవరిలో నేనే కదా. అప్పుడు కింద బోల్టు విప్పి పాతది వంచి కొత్తది పోయడమే, మూత తెరవలేదు. తెరిచి ఉంటే ఈ వింత అప్పుడే బెన్నీకి చూపించేవాణ్ని.

పట్టీ నాలుగు వందల చిన్న బిళ్లలు గుచ్చినట్టుంది. తెగదీసి ఒక బిళ్ల ఈ కవరులో పెట్టాను. పాపకు చూపించు. ఎందుకు జారిందో నాకింకా అంతు పట్టలేదు. కర్నూలులో ప్రేమ్ సాగర్ అని ఒకాయన ఇట్లాంటివే బాగు చేస్తాడట. బండినీ పెట్టెనూ అక్కడికి తీసుకుపోతున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను.

నీ అన్న,
సంజీవయ్య


ఆళ్లగడ్డ,
జూన్ 14.

అన్నా,

బిళ్ల చేరింది. అరచేతిలో పెట్టుకొని చూశాను. నా బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. దానికి తల ఉంది, మెడ ఉంది, రెండు వైపులా భుజాలున్నాయి. చిన్న మనిషి. ఇట్లాంటి మనుషులు నాలుగు వందల మంది భుజం భుజం ఆనించుకొని నిలబడి నా కొడుకును అహోబిలం కొండదాకా మోసుకుపోయినారు, ఒక్కరోజు కూడా మేం లోపల ఉన్నామని చెప్పకుండా. నేను ఆ కారులో కూర్చొని మాట్లాడుకుంటూ, శనక్కాయలు వలుచుకుంటూ పోయినదాన్ని. కింద ఇంత పని జరుగుతోందని తెలియదు.

నీ జాబు వందనకు చదివి వినిపించాను. గోడ వైపు తిరిగి పండుకొని ఉంది. గిలకల దగ్గరికి వచ్చేసరికి ఇటు తిరిగింది. "యాడుంది, ఇయ్యి" అని చెయ్యి చాపింది. రెండు నెలల తర్వాత దాని నోట్లోంచి వేరే మాట వచ్చింది. బిళ్లను దిండు కింద పెట్టుకుంది. "మామ చెప్పేదాకా ఆగుతా" అంది. కాబట్టి నువ్వు రాసే మాట కోసం ఇక్కడ ఒక ప్రాణం కాచుకొని ఉందని గుర్తు పెట్టుకో.

ఇంకో మాట. ముప్పై ఏండ్లుగా శేషయ్య ఆచారి శిల్పాల యార్డులో నల్లరాయి రుద్దుతున్నాను. ఆ దేవుళ్లు నాకు దేవుళ్లు కాదు, అయినా ముక్కు రుద్దేటప్పుడు, కనురెప్ప రుద్దేటప్పుడు ఊపిరి బిగబట్టే రుద్దుతాను. నా కంటికి కనబడనిది బొటనవేలికి తెలుస్తుంది. నీ బిళ్ల భుజాల మీద వేలు పెట్టి చూశాను. అక్కడ గీతలున్నాయి. ఇవి వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాదు అన్నా. అరిగితే నున్నగా అరుగుతుంది. మా యార్డులో ఆకురాయి మంచిదే, శిల్పం మంచిదే, మధ్యలో పోసే నీళ్లలో ముతక ఇసుక కలిస్తే ఇట్లాంటి గీత పడుతుంది. అప్పుడు ఆచారి మమ్మల్ని తిట్టడు, నీళ్లు తెచ్చినోళ్లను తిడతాడు.

నాకు కార్లు తెలియవు. తెలిసింది రాశాను. ఆ రెండు ఉక్కుల మధ్య పోసింది ఏందో, దాన్ని చూడు.

నీ చెల్లెలు,
లూదియా


నంద్యాల,
జూన్ 27.

లూదియాకు,

కర్నూలు పోయి వచ్చాను. పెద్దగా చెప్పేదేమీ లేదు. బండి పాతది. ఇంతకు ముందు ఎవరి చేతుల్లో ఎట్లా తిరిగిందో మనకు తెలియదు. అట్లాంటి పెట్టెలు ఒకరోజు ఉంటాయి, ఒకరోజు పోతాయి. ఎవరి తప్పూ కాదు. అంతా దేవుని చిత్తం.

పాపను సంజామలకు పంపు. బండిని విడిభాగాలకు తీసుకునేవాళ్లున్నారు, ఇచ్చేద్దాం. ఇంటి ముందర ఉంటే మీకు కళ్లల్లో మెదులుతుంటుంది. ఇంక దాని గురించి రాసుకోవద్దు.

మీ వదిన నిన్ను అడిగింది.

సంజీవయ్య


ఆళ్లగడ్డ,
జులై 3.

అన్నా,

దేవుని చిత్తం అని పాస్టరుగారు చెప్పినారు. సంఘంలో అందరూ చెప్పినారు. ఇంటి పక్కన జయలక్ష్మమ్మ వేరే దేవుని పేరు పెట్టి అదే చెప్పింది. నిన్ను నేను దేవుని సంగతి అడగలేదు. ఇనుము సంగతి అడిగాను.

మొదటి జాబులో పళ్లు లేని పెట్టె గురించి రెండు పేజీలు రాసినోడివి, కర్నూలు పోయి వచ్చి రెండు ముక్కలు రాశావు. చిన్నప్పుడు నాయన పొలం మోటారు నువ్వు కాల్చినప్పుడు కూడా ఇట్లే, అన్నం తిని, ఎవరి ముఖమూ చూడకుండా పండుకున్నావు.

నీ జాబు ఏం చేసిందో చెప్తాను. నేను చదవకముందే వందన చదివింది. చదివి మడిచి నా చేతికిచ్చింది. "చూసినావామ్మా, మామ నన్ను కాపాడుతాండాడు" అంది.

"ఏందే ఆ మాట?" అన్నాను.

"ఎవరి తప్పూ కాదు అని ఎవురు రాస్తారు? తప్పు ఎవురిదో తెలిసినోళ్లే రాస్తారు. పెట్టెలో నా తొక్కుడు కనబడింది. మామకు రాయడానికి చెయ్యి రాలేదు. నన్ను బడికి పొమ్మంటాండాడు, పాపం."

దిండు కింద నుంచి బిళ్ల తీసి కిటికీలో పెట్టింది. అది నా దగ్గర ఉండకూడదు అంది. మూడు రోజులైంది. మజ్జిగ నీళ్లు తప్ప దాని గొంతు దిగింది లేదు. నిన్న జడ వేద్దామని పట్టుకుంటే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా నా చేతిలోకి వచ్చినాయి.

నిజంగానే అది తొక్కితే పగిలిందా? అయితే రాయి అన్నా. మేం ఇద్దరం ఆ నిజం మీద ఎట్లో ఒకట్ల కూర్చుంటాం. నువ్వు ఇచ్చిన ఈ బూరుగు దూది మీద మాత్రం కూర్చోలేం, కింద ఏముందో తెలియదు.

వారం చూస్తాను. జాబు రాకపోతే దాన్ని భుజాన వేసుకొని నీ షెడ్డుకే వస్తాను. వచ్చి నీ ముందర కూర్చోబెడతాను. దాని ముఖం చూసి చెప్పు, దేవుని చిత్తం అని.

లూదియా


నంద్యాల,
జులై 9.

లూదియా,

చూసింది రాస్తున్నాను. చివరి దాకా చదువు. పాపకు కూడా చదివి వినిపించు.

ప్రేమ్ సాగర్ షెడ్డు ఆస్పత్రిలా ఉంటుంది. నేల మీద టైల్స్. పెట్టె అడుగున మిగిలిన ఆయిల్లో వేలు ముంచి వాసన చూశాడు. నా షెడ్డు నిండా ఉండేది ఆ వాసనే, అందుకని నా ముక్కుకు తెలియలేదు. అతను నా వైపు తిరిగాడు. పెదాలు చూసి మాట పట్టుకునే అలవాటు నాకుంది. "దీనికి జీపు ఆయిలు పోసినోడు ఎవురప్పా? వాన్ని తెచ్చి ఈడ కట్టెయ్యల్ల" అని నవ్వాడు. నేనని అతనికి తెలియదు. నేను టైల్స్ చూస్తూ నిలబడ్డాను.

అర్థం కాలేదేమో అని అట్టముక్క మీద రాసి చూపించాడు. దీని ఆయిలు వేరే, పల్చగా ఉంటుంది, ఉక్కు ఉక్కును జారకుండా పట్టుకునే గుణం దాంట్లో ఉంటుంది, చిక్కటి జీపు ఆయిలు పోస్తే పట్టు వదులుతుంది, పట్టీ జారి జారి గీతలు పడి ఒకరోజు మొత్తం వదిలేస్తుంది అని. పాత ఆయిలు సగం లోపలే నిలిచిపోవడం వల్ల రెండు నెలలైనా తిరిగింది అన్నాడు. నువ్వు కారు ఎరగకుండా, బొటనవేలితో పట్టుకున్నది ఇదే. నీ జాబు అప్పుడు నా జేబులో ఉంది.

ఫిబ్రవరిలో జరిగింది చెప్తాను. మేనల్లుడు బండి కొంటే మొదటి ఆయిలు మేనమామ పోయాలని మన ఇండ్లల్లో ఎప్పటి నుంచో ఉంది. వాని పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుంది నేను, ఇది కూడా నాదే అనుకున్నాను. వాడు ఆ రోజు ఫోనులో ఒక డబ్బా బొమ్మ చూపించాడు. "మామా, దీనికి ఈ ఆయిలే పొయ్యల్లంట. కర్నూల్లో దొరుకుతాది, రేపు తెస్తా" అన్నాడు. నాకు వినబడలేదని చెప్పుకోను. పెదాలు చూశాను, బొమ్మ చూశాను. "నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తాండా రా. కంపెనీవాడు వాని ఆయిలు అమ్ముకోవద్దా, అట్లనే చెప్తాడు" అన్నాను. వాడు నవ్వాడు. "సరేలే మామా, నీ చెయ్యి మంచిది, పొయ్యి" అన్నాడు. మేనమామ చేతిని ఎవరు పట్టుకుంటారు? మోకాళ్ల మీద కూర్చొని గరాటు వాడే పట్టుకున్నాడు. నేను పోశాను.

ఇది నేను చేసింది. మొన్నటి జాబులో దీన్ని దేవుని మీద పెట్టి రాశాను.

ఇప్పుడు పాప సంగతి. ఇది బాగా విను. కారులో ఒక చిన్న మెదడు ఉంటుందట. ప్రేమ్ సాగర్ స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి తన పలకలో చూశాడు. లూదియా, నాకు తెలిసిన బండ్లు నాతో దవడలో మాట్లాడేవి, అంతే. ఇది రాసి పెట్టుకుంటుంది. ఏదన్నా తప్పు జరిగినప్పుడు ఆ క్షణంలో బండి ఎంత వేగంతో పోతోంది, ఆయిలు ఎంత వేడెక్కింది, కాలు ఎంత తొక్కి ఉంది, అంతా పట్టి దాచుకుంటుంది. బండి కదలకుండా పడున్నా, లారీ మీద రెండు ఊర్లు తిరిగినా మరిచిపోలేదు.

మొదటి తప్పు రాసుకుంది చివరి రోజుకు పదకొండు వందల కిలోమీటర్ల ముందు. అంటే మార్చిలో, బెన్నీ చేతిలో. అప్పుడు స్టీరింగు ముందర హెచ్చరిక లైటు వెలుగుతుందట, ఆ సంగతి వానికి తెలిసే ఉంటుంది. కర్నూలు పోతే మొదట అడిగేది ఎవరు పోసినారని. నా పేరు చెప్పడం ఇష్టం లేక మెల్లగా తోలుకుంటూ గడిపాడేమో. ఇది నా ఊహ, చూసింది కాదు.

చివరి రోజుది చూసింది. వేగం అరవై రెండు. ఆయిలు వేడి నూట ముప్పై ఎనిమిది. కాలు తొక్కింది నూటికి ముప్పై ఒక్క పాళ్లు. పూర్తిగా తొక్కితే నూరు. పాప మూడో వంతు కూడా తొక్కలేదు లూదియా. ప్రేమ్ సాగర్ అది చూసి, "ఆ రోజు తోలింది ఎవురో గానీ కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు తోలినారప్పా. ఇంకొకరైతే పది కిలోమీటర్లకే నిలిచిపోయేది" అన్నాడు. చచ్చిన పెట్టెను మా పాప శిరివెళ్ల దాటించింది. ఆ అంకెలు అచ్చు వేయించి దీనితో పెట్టాను. నా మాట నమ్మకపోతే దాన్ని చూడమను.

షెడ్డుకు తాళం వేశాను. మీ వదినకు చెప్పాను. ఆమె ఇప్పుడు రాయి విసరడం లేదు, పళ్లెం తెచ్చి ముందర పెట్టి పోతుంది. క్షమించమని నేను అడగను.

సంజీవయ్య


ఆళ్లగడ్డ,
జులై 28.

అన్నా,

నీ జాబుకు పంతొమ్మిది రోజులుగా జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. జాబు వందన ముందర గట్టిగా చదివాను. నువ్వు గరాటు గురించి రాసినచోట జాబు కింద పెట్టేశాను. మిగతాది అది తీసుకొని చదివింది. ముప్పై ఒక్క పాళ్ల దగ్గర ఆగింది. అచ్చు కాగితం తీసి చూసింది. మళ్లీ చూసింది. మంచం దిగి నేల మీద కూర్చొని, "అమ్మా, నీ చెయ్యి పెట్టు" అంది. నా అరచేతిని నేల మీద వెల్లకిలా పెట్టించి, దాని మీద కుడిపాదం ఆనించి మెల్లగా ఒత్తింది. "ఇంతేనా? ఇంతేనా నేను తొక్కింది?" అని అడిగింది. దాని పాదం బరువు నా చేతికి తెలిసింది. చంటిబిడ్డ పాదం ఒత్తినట్టుంది అన్నా. "ఇంతేనే" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏప్రిల్ నుంచి ఏడవలేదు అది, అందరూ ఏడుస్తుంటే గోడ చూస్తూ పండుకునేది. ఏడ్చి ఏడ్చి, "ఆకలైతాంది" అంది. ఉడుకన్నంలో గోంగూర కలిపి పెట్టాను. రెండోసారి కూడా పెట్టించుకుంది.

మనుషులం ఎవరం చూడలేదు ఆ క్షణం. నేను వాని ముఖం చూస్తున్నాను, వందన రోడ్డు చూస్తోంది. చూసింది ఆ కారొక్కటే. నా కూతురి కాలు ఎంత మెత్తగా ఆనిందో పట్టి దాచిపెట్టి, అడిగిన రోజు ఇచ్చింది. దాని మీద నాకు ఇంక కోపం లేదు.

నీ సంగతి. అదంత సులభంగా రాదు. జాబు చదివిన మరునాడు యార్డుకు పోయాను. ఒక విగ్రహం చెవి రుద్దుతూ రుద్దుతూ, ఆపాల్సినచోట ఆపకుండా రుద్ది, అంచు పోగొట్టాను. ముప్పై ఏండ్లలో మొదటిసారి. శేషయ్య ఆచారి వచ్చి చూశాడు. తిట్లు తింటానని నిలబడ్డాను. "ఇయ్యాలకు ఇంటికి పోమ్మా" అన్నాడు. అంతే. ఆ చెవిని చిన్నది చేసి ఆయనే సర్దినాడట, తర్వాత తెలిసింది.

దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటూ వచ్చాను. నీకు వినబడదు కాబట్టి గట్టిగానే తిట్టాను, కొండమ్మ బంకు దగ్గర మనుషులు తిరిగి చూసినారు. నా కొడుకు ఆ డబ్బా బొమ్మ చూపించినప్పుడు నువ్వు ఒక్క రోజు ఆగి ఉంటే అని తిట్టాను. వాడు నోరు మూసుకున్నందుకు వాన్నీ తిట్టాను.

ఇంటికి వచ్చి కూర్చున్నాక ఇంకొకటి తట్టింది. ఆ పెట్టె విప్పింది నువ్వు, చూసింది నువ్వు. బండి పాతది అని రాసి అట్లే ఊరుకొని ఉంటే, నేను ఇంకో రెండు జాబులు అరిచి చల్లారిపోయేదాన్ని. ప్రేమ్ సాగర్ ఎవరో నాకు తెలియదు, ఆ అంకెలు ఎప్పటికీ నా ఇంటికి వచ్చేవి కావు. పిల్ల తొక్కింది అనుకొనే అది ఎండిపోయేది, ఎవరూ నిన్ను వేలెత్తి చూపేవాళ్లు కాదు. అంకెలు మాత్రం పంపి గరాటు సంగతి దాచినా నాకు తెలిసేది కాదు. నువ్వు మొత్తం రాశావు. నీ పేరు నువ్వే రాసి పంపావు.

నా కొడుకు ప్రాణం జారిపోయింది ఏ చేతిలో నుంచో, నా కూతురి ప్రాణం తిరిగి వచ్చింది కూడా ఆ చేతిలో నుంచే. ఈ రెండింటినీ ఒకచోట పెట్టుకొని చూడాలంటే నా కళ్లు చాలడం లేదు. ప్రార్థనలో కూర్చుంటే ఒకసారి అది ముందుకొస్తుంది, ఒకసారి ఇది. ఏమని అడగాలో తెలియక ఊరికే కూర్చొని లేస్తున్నాను. క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధం అవుతుంది, నువ్వు నాకు నిజం రాసినాక నేను నీకు అది రాయకూడదు. కానీ నిన్ను పోగొట్టుకోను. ఇది మాత్రం రాయగలను.

సంజామల బడివాళ్లు ఇన్నాళ్లు కాచుకున్నారు. ఎల్లుండి చేరాలి. నిన్న వందన గుడ్డలు మడుస్తూ, "మామ ఎట్లుండాడు?" అని అడిగింది. షెడ్డుకు తాళం వేసినాడట అన్నాను. మడిచే చెయ్యి ఆపింది. "నేను ముందు ఆడికి పోతా. తర్వాత సంజామలకు" అంది.

"పోయి ఏం చెప్తావే?" అన్నాను.

"నేను మూడు నెలలు ఏ గదిలో ఉన్నానో మామ ఇప్పుడు ఆ గదిలో ఉండాడు. తలుపు యాడుందో నాకు తెలుసు" అంది.

ఇరవై రెండేండ్ల పిల్ల. నేను కన్న పిల్ల. ఈ మాట దానికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

నేను రాలేను ఇప్పుడే. నిన్ను చూస్తే నా నోట్లోంచి ఏది వస్తుందో నాకే తెలియదు. ఇంకొన్నాళ్లు పట్టనీ.

ఈ జాబును పోస్టులో వెయ్యలేదు. నీ చేతికి ఇచ్చింది వందన. పొద్దున తొమ్మిది గంటల బస్సుకు నేనే ఎక్కిస్తాను, శిరివెళ్ల దాటాక బండి నిలిచిన చోటు కనబడేట్టు కిటికీ పక్కన కూర్చుంటానని ఇప్పుడే చెప్పింది. ఇంక దీంట్లో చదివేది ఏమీ లేదు. తల ఎత్తు అన్నా, పిల్ల నిలబడి ఉంది.

లూదియా